ఖాళీ కాగితం కింద ఆరు పేర్లు

"నీళ్లొద్దులే మాదేవీ. ఈ ఇంట్లో నీళ్లు తాగేకి రాల్యా నేను."

హనుమన్న అరుగు మీద కూర్చోలేదు. చెల్లెలు మహాదేవమ్మ చెంబు పట్టుకుని గడపలో నిలబడితే, ఆ చెంబు వంక కూడా చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్లీ భుజం మీదే వేసుకున్నాడు. తోబుట్టువు గడపలో ఆయన చెంబెడు నీళ్లు వద్దనడం ఇదే మొదలు.

"కూచో బావా," అన్నాడు మహాదేవమ్మ మొగుడు గిడ్డయ్య.

"కూచోను. నీ కొడుకును పిలువు. సదువుకున్నోడు గదా, అడిగినదానికి జవాబు చెప్తాడు."

ఆ కొడుకు లోపలే ఉన్నాడు. జొన్నల కుండల పక్కన గోడకు ఆనుకుని ప్రతి మాటా వింటున్నాడు. చిన్న ఈరన్నకు పదిహేను దాటి నాలుగు నెలలు. ఐదో ఫారం. చెలిమలపల్లె నుంచి పేటలోని బోర్డు హైస్కూలుకు రోజూ ఐదు మైళ్లు నడిచిపోయే ఏడుగురిలో చదువుకు మొదటివాడు, దస్తూరికీ మొదటివాడు. నిన్న మధ్యాహ్నం దాకా తక్కిన ఆరుగురూ అతని మాట మీదే నడిచేవారు. ఇప్పుడు ఆ ఆరుగురిలో ఒక్కడు కూడా అతని ముఖం చూడటం లేదు.

"నిన్న బడిలో అందరి ముందర పెద్దసారు కాగితం సదివినాడంట," హనుమన్న గొంతు లేచింది. "చెలిమలపల్లె పిల్లోళ్లు ఏడుమందీ కోతల సెలవులు మాకొద్దు, ఎండాకాలం సెలవులే ఉండల్ల అంటాండారని! నా కొడుకు సుంకప్ప పేరు అందులో మొదట ఉండాదంట. ఏమప్పా, నా కొడుకు ఆ మాట ఎప్పుడన్న్యాడు?"

 

సంగతి ఊరంతటికీ తెలిసిందే. శెనక్కాయ పీకే కాలం వచ్చిందంటే పల్లె పిల్లలు బడిలో ఉండరు, చేలల్లో ఉంటారు. నెలా నెలన్నర హాజరు పోతుంది. హాజరు చాలని వాణ్ని పై ఫారానికి పంపరు. ఇది చూసి చూసి పెద్దసారు శ్రీనివాసులుగారికి ఒక ఆలోచన పుట్టింది. ఎండాకాలం సెలవులు తీసి కార్తీకంలో కోతలప్పుడు ఇద్దాం, ఎండల్లో పొద్దున్నే ఒంటిపూట బడి నడుపుదాం అన్నాడు. అదీ వచ్చే ఉగాది దాటగానే మొదలు పెడదామన్నాడు. ఈ ఏడు హాజరు పోగొట్టుకున్నవాళ్లు ఆ ఎండాకాలం బడిలో దినాలు పూర్తి చేసుకుని ఆరో ఫారానికి రావచ్చు. చదివేది పిల్లలు కాబట్టి పిల్లలేమంటారో ఊరికొక కాగితం రాసి ఇవ్వమన్నాడు.

సుంకప్పకు పోయింది ముప్పై నాలుగు దినాలు. వాడికి ఉన్న దారి ఇదొక్కటే.

"ఈరన్నా, బయటికి రా," అన్నాడు గిడ్డయ్య.

చిన్న ఈరన్న గడప దాటాడు. మామ ముఖం చూడలేక మామ భుజం మీదుగా చూశాడు. ప్రహరీ అవతల సుంకప్ప నిలబడి ఉన్నాడు. వీపు ఇటు పెట్టి నిలబడి ఉన్నాడు.

"నువ్వే రాసినావా?" అన్నాడు హనుమన్న.

"ఊఁ."

"వాళ్లు అట్ల రాయమన్న్యారా?"

"ల్యా."

"మరి వాళ్ల చేవ్రాళ్లు యాడియి?"

ఈ ప్రశ్నకు జవాబు గిడ్డయ్యకూ తెలుసు, హనుమన్నకూ తెలుసు. చెలిమలపల్లెలో ఏ కాగితం రాయించుకోవాలన్నా ముందు అడుగున చేవ్రాలో వేలిముద్రో పెట్టి, పైన రాసుకోమని రాసేవాడి చేతికి ఇవ్వడం వాడుక. ఏం రాశావో చదివి వినిపించమని అడిగితే రాసేవాణ్ని దొంగ అన్నట్టే లెక్క. తాతల నాటి నుంచీ అదే మర్యాద. ఆ మర్యాద వల్ల ఎన్ని చేలు చేతులు మారాయో అడిగే దిక్కు లేదు. చదువు రాని పెద్దలు అలా చేశారంటే సరే. నాలుగు ఫారాలు చదివిన ఆరుగురు పిల్లలు కూడా, వంక గట్టున కూర్చుని, తెల్లకాగితం అడుగున వరసగా పేర్లు పెట్టి "పైన నువ్వు బాగా రాయి బావా" అని చిన్న ఈరన్నకు ఇచ్చి వంక మడుగులో ఈతకు పోయారు.

"ఎండాకాలం బడి పెడ్తే..." చిన్న ఈరన్న గొంతు సవరించుకున్నాడు. "బడిలో నీళ్లుండవు మామా. రేకుల కింద పిల్లోళ్లు సొమ్మసిల్లి పడిపోతారు. ఐదు మైళ్లు ఎండలో రావాల. కండ్లు చెడిపోతాయి. అందుకని..."

"ఎండా!" హనుమన్న నవ్వాడు. ఆ నవ్వు చూసి మహాదేవమ్మ చెంబు కింద పెట్టేసింది. "నాకు ఎండ సంగతి చెప్తాండావా? పోయినేడు రోహిణి కార్తెలో కాలువ కట్ట మీద నువ్వూ నా కొడుకూ ఒకే గంపకు రెండు పక్కలా పట్టి మన్ను మోయల్యా? ఆపొద్దు యాడికి పోయింది ఈ ఎండ?"

హనుమన్న తువ్వాలు తలకు చుట్టుకున్నాడు.

"సోమారం కర్నూలు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాండాడు. కాగితాలు ఆయన చేతికి పోతే ఇంక ఏమీ ల్యా. మంగళారం నుంచి నా కొడుకు గొర్లెంబడి పోతాడు. నీ కొడుకు సదువుకోనీ బావా. కలెక్టరు కానీ."

హనుమన్న వెళ్లిపోయాడు. సుంకప్ప తండ్రి వెనకే నడిచాడు. తిరిగి చూస్తాడేమోనని చిన్న ఈరన్న మలుపు దాకా చూస్తూనే ఉన్నాడు.

గిడ్డయ్య చాలాసేపు తన కుడిచేతి బొటనవేలు చూసుకుంటూ కూర్చున్నాడు.

"కరణం ముందర ఈ వేలు ఒత్తినప్పుడంతా అనుకుంటాంటిని," అన్నాడు చివరికి. "నా కొడుకు సదువుకుంటే ఇంక మనల్ని ఎవురూ మోసం చేయలేరని. నువ్వు మోసం చేసే పక్కకు పోతావని అనుకోల్యా."

ఆ తర్వాత ఆయన కొడుకుతో మాట్లాడటం మానేశాడు.

*

ఆ రోజే, శనివారం, బడిదారిలో ఆరుగురు ముందు నడిచారు. చిన్న ఈరన్న వెనక నడిచాడు. అతను అడుగు వేగం పెంచితే వాళ్లూ పెంచారు. అతను ఆగితే వాళ్లు ఆగలేదు. తంగేడు పొదల దగ్గర రోజూ అందరూ కలిసి సద్దిమూట విప్పే చోట ఆరుగురే కూర్చున్నారు. అతను దాటిపోతుంటే ఒకడు నవ్వబోయి, సుంకప్ప ముఖం చూసి ఆపుకున్నాడు.

తిట్టినా బాగుండేదనుకున్నాడు. నాలుగు తన్నినా ఇంత కష్టంగా ఉండేది కాదు.

బడిలో మాత్రం రాజమర్యాద జరిగింది. ఆ మర్యాద చేసిందెవరు? పేటలో బట్టల కొట్టువాళ్ల రామకృష్ణ. రెండేళ్లుగా చిన్న ఈరన్న పక్క బెంచీలో కూర్చుంటూ, జొన్నరొట్టె వాసన అంటూ ముక్కు మూసుకున్నవాడు ఇవాళ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"భలే రాశావోయ్! కూలోళ్ల పిల్లలే వద్దంటే ఇంక పెద్దసారు ఏం చేస్తాడు? వైశాఖంలో మా అక్క పెండ్లి. ఆ ఎండల్లో లెక్కలు చేస్తూ కూర్చుంటామా?"

చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక మాట అన్నారు. డ్రాయింగు మాస్టరుకు ఎండాకాలం వాళ్ల ఊరు పోవాలట, అందుకే ఆయన కూడా మనవైపేనట. కోతల సెలవులు వస్తే పేటలో పిల్లలకు పనేముంది, గోలీలాడుకోవడమా? బడిలో ఉన్న ముగ్గురు ఆడపిల్లల్లో సుబ్బరత్నమ్మ ఒక్కతే నోరు విప్పింది. "సెలవులు ఎప్పుడిచ్చినా మాకొకటే. ఇంట్లో అంట్లు ఎండాకాలమూ ఉంటాయి, చలికాలమూ ఉంటాయి," అంది. ఎవరూ ఆమె మాట పట్టించుకోలేదు.

రామకృష్ణ జేబులోంచి రెండు బొరుగుల ఉండలు తీసి ఒకటి చిన్న ఈరన్నకు ఇచ్చాడు. చిన్న ఈరన్న తీసుకున్నాడు. తీసుకుంటుంటే కిటికీ పక్క నుంచి సుంకప్ప చూశాడు.

ఆ ఉండ తినలేకపోయాడు, పారేయలేకపోయాడు. ఇంటిదారిలో వంక దగ్గరకు వచ్చేసరికి చేతిలో బెల్లం కరిగి జిడ్డుగా అంటుకుంది. ఆ సాయంత్రం అంత ఒంటరిగా అతను అంతకు ముందు తన బతుకులో ఒక్కసారే ఉన్నాడు. ఆ ఒక్కసారిని తలుచుకునే ఈ పని చేశాడు. అది ఎవరికి చెప్పుకోవాలి? చెబితే ఎవరు నవ్వరు?

*

ఆదివారం పొద్దెక్కాక మహాదేవమ్మ వంకలో చెలిమ దగ్గర తాగే నీళ్లు తోడుతోంది. ఇసుకలో తవ్విన గుంటలో నీళ్లు ఊరే దాకా ఆగడం, ఊరింది ముంచి కడవలో పోయడం. చిన్న ఈరన్న పిలవకుండానే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆ ఇంట్లో అతనికి కూర్చునే చోటు అమ్మ పక్కన తప్ప మిగల్లేదు.

"ఎండ అంటివే," అంది తల్లి చెలిమలోకే చూస్తూ. "నీళ్లంటివి. కండ్లంటివి. అవన్నీ నీ మాటలు కావు. వార్తాపత్రికలో మాటలు."

చిన్న ఈరన్న కడవను ఇసుకలో సర్ది నిలబెట్టాడు.

"ఈడ ఎవరూ ల్యారు. చెప్పు."

"ఏమీ ల్యా మా."

"కాలువ పనికి మేం పోతే నువ్వొక్కనివే ఉండల్లని, గదా?"

చిన్న ఈరన్న తల దించుకున్నాడు. పదిహేనేళ్లవాడు, మీసం మొలుస్తున్నవాడు, మొన్న బడిలో నాలుగు పద్యాలు గడగడా చదివి పెద్దసారు చేత సెభాష్ అనిపించుకున్నవాడు, ఇసుకలో వేలితో గీతలు గీస్తూ ఉండిపోయాడు. కన్నీళ్లు ముక్కు కొసకు వచ్చి ఇసుకలో పడ్డాయి.

ఉగాది దాటితే చెలిమలపల్లె ఖాళీ అవుతుంది. తుంగభద్ర కాలువ తవ్వకం మొదలైనప్పటి నుంచీ ఊరికి ఊరే గంపలు, పారలు, పిల్లాజెల్లా ఎత్తుకుని కాలువ కట్టకు పోతుంది. వాకిళ్లకు ముళ్లకంపలు కొట్టి పోతుంది. తొలకరి పడితేనే తిరిగి వస్తుంది. మొదటి ఏడు చిన్న ఈరన్నకు ఎనిమిదేళ్లు. అంత చిన్నవాడికి ఆ ఎండ వద్దని అవ్వ దగ్గర వదిలిపెట్టారు. ఒకరోజు పొద్దున అవ్వ లేవలేదు. నిద్రపోతోందనుకుని వాడు పక్కనే కూర్చున్నాడు. పొద్దు వాలాక ఆకలేసి వీధిలోకి వచ్చి ఇల్లిల్లూ తిరిగాడు. ఏ వాకిలి చూసినా కంపే. ఊరి కొసన కుంటి గోపన్న తాత ఒక్కడు కనిపించే దాకా వాడు పలకరించడానికి మనిషే దొరకలేదు. తల్లీ తండ్రీ నాలుగో రోజుకు వచ్చారు.

ఆ తర్వాత ఏ ఎండాకాలమూ వాణ్ని వదిలి పోలేదు. కట్ట పక్కన బొంత పరుచుకుని, పగలంతా మన్ను మోసి, అమ్మకు పక్కగా పడుకునే ఆ రెండు నెలలే చిన్న ఈరన్నకు ఏడాది మొత్తానికీ పండుగ. ఈ మాట కాగితం మీద ఎలా రాస్తాడు?

"నాకు మాత్రం నిన్నిడిచి పోబుద్ధి అయితాదా నాయనా," అంది మహాదేవమ్మ. "పోకుంటే తొలకరికి విత్తనాలుండవు. మీ నాయనొక్కడే పోతే ఆయప్పకు సంగటి కెలికి పెట్టేదెవరు?"

"నాకు తెలుసు మా."

"తెలుసు గదా. ఆ ఆరుమంది పేర్లు ఆరుమందికి ఇచ్చేయి. నీ బాధ నీది. దాని కింద వాళ్ల పేర్లెందుకు?"

కడవ నిండింది. ఆమె తలగుడ్డ సర్దుకుంటూ కొడుకు వంక చూసింది.

"ఎత్తు," అంది.

అతను కడవ ఎత్తి తల్లి తల మీద పెట్టాడు. ఆమె మరి మాట్లాడకుండా గట్టెక్కింది.

*

ఇన్‌స్పెక్టరుగారు నెమ్మదస్తుడు. కళ్లద్దాలు తుడుచుకుంటూ ఊరూరి కాగితాలన్నీ ఒక్కొక్కటే చదివాడు. హాలులో నాలుగో ఫారం నుంచి ఆరో ఫారం దాకా అందరూ నేల మీద కూర్చున్నారు. పెద్దసారు శ్రీనివాసులుగారు గోడ పక్కన నిలబడ్డాడు. ఆయన ముఖంలో ఆశ చచ్చిపోయి మూడు రోజులైంది.

"చెలిమలపల్లె," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇదే నాకు ఆశ్చర్యంగా ఉంది. ఎవరి కోసమైతే ఈ మార్పు తలపెట్టారో వాళ్లే..."

"సార్."

చిన్న ఈరన్న లేచి నిలబడ్డాడు. 

"ఆ రాత నాదొక్కనిదే సార్. వాళ్లు తెల్లకాగితం మీద పేర్లు పెట్టిచ్చిరి. వాళ్లకు కోతల సెలవులే కావాల. నేనే తిరగేసి రాసినా."

 హాలులో ఒక్కసారిగా గుసగుస లేచింది. రామకృష్ణ ముఖం మాడిపోయింది. పెద్దసారు గోడ వదిలి రెండడుగులు ముందుకు వచ్చి ఆగాడు. ఆయన కళ్లలో కోపం ఉంది, ఆ కోపం కింద ఇంకేదో కూడా ఉంది.

"ఆరుగురూ నిలబడండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఒక్కొక్కరినే అడిగాడు. సుంకప్ప మొదలుకుని ఆరుగురూ కోతల సెలవులే అన్నారు. ఆయన ఒక్కొక్క పేరూ వేరే కాగితం మీద రాసుకుని, వాళ్ల చేత చదివించి, అప్పుడు చేవ్రాలు పెట్టించాడు. చివరికి కలం ఎత్తి చిన్న ఈరన్న వంక చూశాడు.

"నీ అభిప్రాయం?"

కోతల సెలవులే అని చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. ఆ ఒక్క మాట అంటే అంతా తేలిపోతుంది. అయినా నోరు ఆ మాట పలకలేదు. ఇప్పటికే ఒక అబద్ధం రాసి మూడు రోజులు మోశాడు, ఇంకోటి మోయలేడు.

"ఎండాకాలం సెలవులు సార్."

"కారణం?"

"ఎండాకాలం... మా ఊర్లో ఎవరూ ఉండరు సార్. మా అమ్మ ఉండదు."

వెనక వరసల నుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు అంటుకుని హాలు సగం నవ్వింది. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. కలం కాగితం మీద పెట్టి ఆ మాటలే అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాడు. ఏ నిర్ణయమూ చెప్పలేదు. కర్నూలు పోయి ఆలోచించాలన్నాడు. పెద్దసారు మాత్రం ఒకే మాటన్నాడు.

"రేపు మీ నాయనను తీసుకునిరా. ఆయన రాకుండా క్లాసులో అడుగు పెట్టొద్దు."

*

ఇంటిదారిలో ఆరుగురు ముందు నడిచారు. చిన్న ఈరన్న వెనక నడిచాడు. మూడు మైళ్లు అలాగే గడిచాయి. తండ్రికి ఈ కబురు ఎలా చెప్పాలా అన్న బెంగలో అతను తల ఎత్తలేదు. ఎత్తేసరికి తుమ్మచెట్టు కింద సుంకప్ప ఒక్కడే నిలబడి ఉన్నాడు. తక్కిన ఐదుగురు కాస్త ముందుకు పోయి ఆగారు.

చిన్న ఈరన్న అడుగు వేగం పెంచాడు. వాడు మాట్లాడతాడు. తిట్టినా సరే, మాట్లాడితే చాలు.

"ఆ మాట నిజమేనా?" అన్నాడు సుంకప్ప. "మీ అమ్మ ఉండదనేనా అట్ల రాసినావు?"

"ఊఁ."

"మా అమ్మ మాత్రం ఉంటాదా ఈరన్నా?"

బావా అనలేదు. పుట్టి బుద్ధెరిగాక సుంకప్ప అతన్ని పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి.

"మాయందరి అమ్మలూ కాలువకే గదా పోయేది. నువ్వొక్కనివే ఉంటావని ఎవరు చెప్పిరి నీకు? ఆపొద్దు వంకలో ఈదుతా మేం అనుకుంటిమి, ఎండాకాలం ఏడుమందిమీ మీ ఇంట్లోనే పడుకుందామని. దినానికొకడు సంగటి కెలకల్ల, నువ్వు అందరికీ లెక్కలు చెప్పల్ల అని. నీకు చెప్పేదేముంది అనుకుంటిమి. నీ ఇల్లే గదా."

 వాళ్లు ఈదుతున్నంతసేపూ చిన్న ఈరన్న గట్టున కూర్చుని, వాళ్లకు వీపు పెట్టి, ఆ కాగితం నింపుతున్నాడు.

"ఇప్పుడన్నా..." అన్నాడు అతి కష్టం మీద. "ఎండాకాలం బడి వస్తే, మా ఇంట్లో..."

"ల్యా," అన్నాడు సుంకప్ప. "నిన్న ఇంకో ఇల్లు చూసుకున్న్యాం. అది చిన్నిల్లు. ఆరుమందికే సాలుతాది."

అంటూ వెనక్కి తిరిగి నడిచాడు. ముందు ఆగి ఉన్న ఐదుగురు అతని కోసం దారిచ్చి, అతన్ని మధ్యలోకి కలుపుకుని, మాట్లాడుకుంటూ ఊరివైపు సాగిపోయారు.